ఏవీఎన్‌కు తుంటి మార్పిడి: నిర్ణయం నుంచి ఏడాది పరీక్ష దాకా ఏం చేయాలి

“ఏవీఎన్ అని తేలింది, తుంటి మార్చాలంటున్నారు, ఇప్పుడే చేయించుకోవాలా, కొన్నాళ్లు ఆగవచ్చా?” ఏవీఎన్ (అవాస్క్యులర్ నెక్రోసిస్, అంటే రక్తం అందక తుంటి దగ్గర ఎముక చనిపోయే జబ్బు) ఉన్న ముప్పై, నలభై ఏళ్ల వయసువారు అడిగే ప్రశ్నలన్నీ చివరికి ఈ ఒక్కదాని దగ్గరికే వస్తాయి. జవాబు అందరికీ ఒకటి కాదు గానీ, దాన్ని తేల్చుకునే క్రమం మాత్రం అందరికీ ఇంచుమించు ఒకటే. ఆ క్రమాన్నే కింద రాస్తున్నాను. మీ ఫిల్ములు చూసిన సర్జన్ మాటకు బదులుగా దీన్ని తీసుకోకండి. ఆ డాక్టరును ఏం అడగాలో, ఇంట్లో ఏం సిద్ధం చేసుకోవాలో, ఆపరేషన్ తరువాత ఏది మామూలో, ఏది ప్రమాదమో తెలుసుకోవడానికి మాత్రం వాడుకోండి.

జబ్బు గురించి అవసరమైనంత వరకే చెబుతాను. తొడ ఎముక పై చివర ఉన్న గుండ్రటి తల కటి ఎముకలోని గిన్నెలో తిరుగుతుంది. ఆ తలకు రక్తం తెచ్చే నాళాలు సన్ననివి. అవి మూసుకుపోతే ఆదుకునే వేరే దారులు తక్కువ. తొడ ఎముక మెడ (తలకు కిందనున్న సన్నటి భాగం) విరగడం, తుంటి కీలు జారిపోవడం, ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు, ఏళ్ల తరబడి అతిగా తాగిన మద్యం, సికిల్ సెల్ వ్యాధి, లూపస్ (శరీర రక్షణ వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బు) వంటివి ప్రధాన కారణాలు. కొందరిలో ఎంత వెతికినా కారణం దొరకదు. రక్తం అందని చోట ఎముక చనిపోతుంది గానీ, దానిపైనున్న మృదులాస్థి కొంతకాలం చెక్కుచెదరకుండా ఉంటుంది. అడుగున ఆధారం పోయాక, గుడ్డు పెంకు సొట్టపడినట్టు తల పైభాగం కుంగిపోతుంది. వైద్యం మలుపు తిరిగేది ఆ కుంగుబాటు దగ్గరే.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- రెండు తుంటి కీళ్లూ కనిపించే ఎక్స్‌రేలు, రెండు వైపులా తీసిన ఎమ్మారై. నొప్పి ఒక్క వైపే ఉన్నా రెండు వైపులా తీయించాలి.
- ఇప్పుడు వాడుతున్న మందులన్నిటి జాబితా. డాక్టరు రాయకుండా మీరే కొనుక్కున్నవి, మూలికలు కూడా అందులో ఉండాలి.
- గతంలో స్టెరాయిడ్లు వాడి ఉంటే ఏ జబ్బుకు, ఎంతకాలం, ఎంత మోతాదులో వాడారన్న వివరం.
- పాత ఆపరేషన్ల కాగితాలు. తుంటిలో స్క్రూలు లేదా ప్లేటు ఉంటే ఇవి మరీ ముఖ్యం.
- వాకర్, చేతికర్ర, చేతులున్న ఎత్తైన కుర్చీ, టాయిలెట్ సీటు ఎత్తు పెంచే అమరిక, కింద పడినవి అందుకునే పొడవాటి పట్టుకర్ర.
- ఇంటికి వచ్చాక మొదటి రెండు వారాలు తోడుండే మనిషి.

1. జబ్బు ఏ దశలో ఉందో తెలుసుకోండి

ఏవీఎన్ నొప్పి ఎక్కువగా గజ్జలో మొదలై, తొడ ముందు భాగం మీదుగా మోకాలి దాకా దిగుతుంది. అందుకే ఎందరో నెలల తరబడి మోకాలికి మందులు వాడుతూ ఉంటారు. మరికొందరు నడుము డిస్కు అనుకుని వెన్నుకు స్కాన్ తీయించుకుంటారు. ఇంట్లో చేసుకోదగిన చిన్న పరీక్ష ఒకటి ఉంది. వెల్లకిలా పడుకుని తుంటినీ మోకాలినీ లంబకోణంలో మడిచి, మోకాలు కదలకుండా పాదాన్ని మాత్రం బయటి వైపుకు మెల్లగా జరపమని ఇంట్లో ఎవరినైనా అడగండి. అప్పుడు గజ్జలో నొప్పి వచ్చినా, రెండో కాలితో పోలిస్తే ఆ కాలు తక్కువగా తిరిగినా తుంటికి పరీక్షలు చేయించవలసిందే. ఈ పరీక్ష అనుమానాన్ని బలపరుస్తుందే తప్ప జబ్బును నిర్ధారించదు. ఇప్పటికే తొడ ఎముక మెడ విరిగి ఉంటే, కీలు జారి ఉంటే దీన్ని అసలు చేయకండి.

దశలు నాలుగు. మొదటి దశలో ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది, తేడా ఎమ్మారైలో మాత్రమే తెలుస్తుంది. రెండో దశలో ఎక్స్‌రేలో కూడా మచ్చలు కనిపిస్తాయి గానీ తల గుండ్రంగానే ఉంటుంది. మూడో దశలో మృదులాస్థి కింద ఎముక చీలి, ఎక్స్‌రేలో చంద్రవంక ఆకారపు నల్లటి గీత కనిపిస్తుంది, తల కుంగడం మొదలవుతుంది; కుంగిన లోతు 2 మిల్లీమీటర్లు దాటిందా లేదా అన్నదాన్ని బట్టి ఈ దశను మళ్లీ రెండుగా విడదీస్తారు. నాలుగో దశలో గిన్నె వైపు కూడా అరిగిపోయి కీలంతా పాడవుతుంది.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు, “ఎక్స్‌రే బాగానే ఉంది” అన్న ఒక్క మాటతో ఊరుకోవడం. స్టెరాయిడ్లు వాడినవారికి, సికిల్ సెల్ ఉన్నవారికి, పాత తుంటి దెబ్బ ఉన్నవారికి గజ్జ నొప్పి వదలకుండా ఉంటే ఎక్స్‌రే మామూలుగా ఉన్నా ఎమ్మారై అడగండి. రిపోర్టు వచ్చాక అందులో మూడు విషయాలు వెతకండి: దశ, తలలో ఎంత భాగం దెబ్బతిన్నది, తల కుంగిందా లేదా. ఈ మూడూ రాయని రిపోర్టు పట్టుకుని నిర్ణయం తీసుకోవద్దు. రాసి ఇమ్మని అడగడంలో తప్పేమీ లేదు.

2. మార్పిడి మీకు అవసరమా అన్నది తేల్చుకోండి

తల ఇంకా కుంగకపోతే, దెబ్బతిన్న భాగం చిన్నదైతే, కీలును కాపాడే ప్రయత్నం చేయవచ్చు. అందులో ఎక్కువగా చేసేది కోర్ డీకంప్రెషన్. తొడ ఎముక పక్క నుంచి తలలోకి సన్నటి రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గిస్తారు. కొన్నిచోట్ల దానితోపాటు మీ మూలుగ నుంచి తీసిన కణాలను లేదా ఎముక ముక్కను అందులో పెడతారు. దెబ్బతిన్న భాగం పెద్దదైతే ఇది నిలిచే అవకాశం తగ్గుతుంది. ఈ ఆపరేషన్ ఫలించకపోయినా తరువాత తుంటి మార్పిడి చేయించుకునే దారి మూసుకుపోదు.

తల కుంగి, నొప్పి మీ నడకనూ నిద్రనూ పనినీ దెబ్బతీస్తుంటే మార్పిడే సరైన వైద్యం. కుంగిపోయిన తలను మళ్లీ గుండ్రంగా చేసే మాత్ర గానీ, పొడి గానీ, ఇంజెక్షన్ గానీ లేదు. అలా చెప్పి అమ్మేవారి దగ్గర డబ్బే కాదు, నెలలు కూడా పోతాయి. ఆ నెలల్లో తొడ కండరాలు సన్నబడి, నడక తీరు చెడి, ఆపరేషన్ తరువాత కోలుకోవడం కష్టమవుతుంది. దీనికి వ్యతిరేకమైన పొరపాటు కూడా జరుగుతోంది: ఎమ్మారైలో “ఏవీఎన్” అన్న మాట కనబడగానే, తల కుంగకుండానే, నొప్పి పెద్దగా లేకుండానే కీలు మార్పించుకోవడం. ఫిల్ములో కనిపించేదీ, మీరు రోజూ పడుతున్న ఇబ్బందీ రెండూ కలిసి ఒకే మాట చెప్పినప్పుడే మార్పిడికి సిద్ధపడండి.

నొప్పి భరించదగినదై ఉండి ఆగాలనుకుంటే, నొప్పి ఉన్న కాలికి ఎదురు చేతిలో చేతికర్ర పట్టుకుని నడవండి. నొప్పి ఉన్న వైపే కర్ర పట్టుకునేవారు ఎందరో ఉన్నారు, దాని వల్ల తుంటి మీద భారం తగ్గదు. నొప్పి తగ్గడానికి కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తామంటే, ఆపరేషన్‌కు ముందు మూడు నెలల లోపు అది పడకూడదని గుర్తుంచుకోండి, ఎందుకంటే కీలులో ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది.

3. సర్జన్‌ను ఈ ప్రశ్నలు అడగండి

పూర్తి మార్పిడిలో నాలుగు భాగాలు ఉంటాయి: గిన్నెలో కూర్చునే కప్పు, దాని లోపలి లైనర్, తిరిగే బంతి, తొడ ఎముకలోకి దిగే స్టెమ్. 1962లో ఇంగ్లండ్‌లో జాన్ చార్న్లీ చిన్న లోహపు బంతిని గట్టి పాలిథిలిన్ (ఒక రకం ప్లాస్టిక్) కప్పులో తిప్పే పద్ధతిని మొదలుపెట్టారు. నేటి కీళ్లకు అదే పునాది.

మొదటి ప్రశ్న, బంతీ లైనరూ దేనితో చేసినవి అన్నది. వయసు తక్కువైనవారిలో సిరామిక్ బంతి, అరుగుదల తక్కువగా ఉండే క్రాస్‌లింక్డ్ పాలిథిలిన్ లైనర్ కలిపి వాడడం ఎక్కువ. రెండూ సిరామిక్ అయితే అరుగుదల చాలా తక్కువ గానీ, కొందరిలో కిర్రుమనే శబ్దం వస్తుంది, అరుదుగా పగలవచ్చు. లోహం మీద లోహం తిరిగే పెద్ద బంతుల కీళ్లు లోహపు రేణువుల సమస్యల వల్ల దాదాపు వాడకంలోంచి పోయాయి.

రెండోది, ఇంప్లాంటును, అంటే ఈ కృత్రిమ భాగాలను, ఎముకకు పట్టించే సిమెంటు వాడతారా లేదా అన్నది. ఎముక గట్టిగా ఉన్న వయసులో సాధారణంగా సిమెంటు లేకుండా, ఎముకే ఇంప్లాంటులోకి పెరిగేలా అమరుస్తారు. మూడోది, కోత ముందు నుంచా, పక్క నుంచా, వెనుక నుంచా అన్నది. కోత ఎటు నుంచి అన్నదాన్ని బట్టే తరువాత మీరు పాటించవలసిన జాగ్రత్తలు మారతాయి కాబట్టి దీనికి జవాబు తప్పకుండా రాసుకోండి. బంతిని మాత్రమే మార్చి గిన్నెను వదిలేసే సగం మార్పిడిని ఎవరైనా సూచిస్తే, నా వయసుకు అదెందుకు అని గట్టిగా అడగండి. చురుగ్గా తిరిగేవారిలో ఆ లోహపు బంతి గిన్నెలోని మృదులాస్థిని అరగదీస్తుంది.

ఎన్నేళ్లు ఉంటుందన్నది అందరూ అడిగేదే. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన విశ్లేషణలో 25 ఏళ్ల తరువాత కూడా సుమారు 58 శాతం తుంటి మార్పిడులు నిలిచి ఉన్నాయి. అయితే వారిలో ఎక్కువమంది కీళ్లు అరిగిన పెద్ద వయసువారు. మీరు నలభైలో చేయించుకుంటే జీవితంలో మరొకసారి మార్చవలసి రావచ్చునన్న ఆలోచనతోనే ముందుకు వెళ్లండి.

4. ఆపరేషన్‌కు ముందు వారాలు

ఈ వారాల్లో మీరు చేసే పని ఇన్ఫెక్షన్‌ను తప్పించే పని. కొత్త కీలులో ఇన్ఫెక్షన్ చేరితే మళ్లీ ఒకటి, రెండు ఆపరేషన్లు పడవచ్చు. అందుకే దీని మీద ఎంత శ్రద్ధ పెట్టినా ఎక్కువ కాదు.

పళ్లలో చీము, పుచ్చు ఉంటే ముందే బాగు చేయించుకోండి. మూత్రంలో మంట, చర్మం మీద పుండు, కాలి గోటి పక్కన వాపు చిన్నవే అనిపించినా దాచకుండా చెప్పండి. షుగర్ ఉన్నవారు హెచ్‌బీఏ1సీ (గత రెండు, మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) చేయించుకుని, అది డాక్టరు చెప్పిన హద్దులోకి వచ్చాకే తేదీ తీసుకోండి. పొగ తాగేవారు కనీసం నాలుగు వారాల ముందు మానాలి. మద్యం రోజూ తాగే అలవాటు ఉంటే దాచవద్దు. ఆస్పత్రిలో హఠాత్తుగా ఆగిపోతే వణుకు, మతి చలించడం వంటివి వస్తాయి, ముందే తెలిస్తే మందులతో నివారించవచ్చు. కోత పడే చోట ఇంట్లో బ్లేడుతో గొరగకండి, సన్నటి గాట్లలోంచి క్రిములు లోపలికి పోతాయి.

మందుల విషయంలో మూడు హెచ్చరికలు. చాలాకాలంగా స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవారు వాటిని సొంతంగా ఆపకూడదు. శరీరం తనంతట తాను తయారుచేసుకునే హార్మోన్ తగ్గిపోయి ఉంటుంది కాబట్టి ఆపరేషన్ సమయంలో బీపీ ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఈ సంగతి మత్తు డాక్టరుకు మీరే నోరు తెరిచి చెప్పండి. రెండోది, రక్తం పలచబరిచే మందులు ఎప్పుడు ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో తేదీలతో రాయించుకోండి. మూడోది, లూపస్ లేదా కీళ్లవాతానికి వాడే మందుల్లో కొన్ని ఆపాలి, కొన్ని ఆపకూడదు; ఆ జబ్బు చూసే డాక్టరూ సర్జనూ మాట్లాడుకుని చెప్పవలసిన విషయమది.

సికిల్ సెల్ ఉన్నవారి విషయం వేరు. వారి ఎముక లోపలి గొట్టం ఇరుకై గట్టిపడి ఉంటుంది కాబట్టి ఆపరేషన్ కష్టతరం. నీరు తగ్గినా, చలి తగిలినా, ఆక్సిజన్ తగ్గినా సన్నటి రక్తనాళాలు మూసుకుపోయి తీవ్రమైన నొప్పితో సంకటం వస్తుంది. రక్తవ్యాధుల నిపుణులు అందుబాటులో ఉన్న ఆస్పత్రిలోనే చేయించుకోండి. పాత స్క్రూలు ఉన్నవారికి వాటిని తీయడం కూడా ఇందులో భాగమే. లోపల పాత ఇన్ఫెక్షన్ లేదని ఈఎస్ఆర్, సీఆర్‌పీ వంటి రక్త పరీక్షలతో ముందుగా చూసుకోవాలి.

5. ఆపరేషన్ రోజు

సాధారణంగా ఘనాహారం ఆరు గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు ఆపాలి. మీ మత్తు డాక్టరు వేరేగా చెబితే అదే పాటించండి. నడుముకు మత్తు లేదా పూర్తి మత్తు ఇస్తారు, ఆపరేషన్ మామూలుగా గంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఏ వైపు చేయాలో చర్మం మీద గుర్తు పెట్టేటప్పుడు మెలకువగా ఉండి చూసుకోండి.

డిశ్చార్జి అయ్యేటప్పుడు ఇంప్లాంట్ స్టిక్కర్లు తప్పకుండా అడిగి తీసుకోండి. ప్రతి భాగం డబ్బా మీదా తయారీదారు పేరు, కొలత, లాట్ నంబరు ఉన్న చిన్న స్టిక్కర్ ఉంటుంది, దాన్ని ఆపరేషన్ కాగితానికి అంటిస్తారు. ఇరవై ఏళ్ల తరువాత లైనర్ ఒక్కటే మార్చవలసి వస్తే, అది ఏ కప్పులో సరిపోతుందో చెప్పేది ఆ కాగితమే. దాన్ని ఫొటో తీసి రెండు చోట్ల దాచండి.

6. మొదటి ఆరు వారాలు

అదే రోజో మరుసటి రోజో వాకర్‌తో నిలబెడతారు. మంచం మీద ఉన్నంతసేపూ పాదాలను పైకీ కిందికీ ఆడించండి. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా అది తోడ్పడుతుంది. దాని కోసం ఇచ్చే ఇంజెక్షన్లు లేదా మాత్రలు కొన్ని వారాలపాటు ఉంటాయి. కాలు బాగుంది కదా అని మధ్యలో మానకండి. కుట్లు లేదా స్టేపుల్స్ 10 నుంచి 14 రోజుల్లో తీస్తారు.

కోత వెనుక నుంచి పడినవారికి ముఖ్యమైనవి మూడు: తుంటి లంబకోణం దాటి మడవకూడదు, ఆ కాలు రెండో కాలి మీదుగా దాటకూడదు, ఆ పాదం లోపలికి తిరగకూడదు. కోత ముందు నుంచి పడినవారు కాలును బాగా వెనక్కి చాచి పాదాన్ని బయటికి తిప్పకూడదు. ఎంతకాలమన్నది సర్జన్ చెబుతారు, చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాలు. కొందరు సర్జన్లు ఇంతకంటే తక్కువ ఆంక్షలు పెడతారు. మీకు చెప్పినదే పాటించండి, పక్క మంచం మనిషికి చెప్పినది కాదు.

కీలు జారడం పెద్ద పనుల్లో కాక, ఆలోచించకుండా చేసే చిన్న పనుల్లో జరుగుతుంది. కుర్చీలో కూర్చుని కింద పడిన ఫోన్ కోసం వంగడం, మంచం అంచున కూర్చుని సాక్సు తొడుక్కోవడం, పాదం నేల మీదే ఉంచి నడుము గిర్రున తిప్పడం వీటిలో ముఖ్యమైనవి. కుర్చీలోంచి లేవాలంటే ముందు అంచుకు జరగండి, ఆపరేషన్ అయిన కాలును ముందుకు చాపండి, చేతుల మీద బరువు వేసి, ముందుకు వంగకుండా లేవండి. తిరగాలంటే చిన్న చిన్న అడుగులతో మొత్తం మనిషి తిరగాలి. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు. దిగేటప్పుడు కర్ర, ఆపరేషన్ అయిన కాలు ముందు. పక్కకు తిరిగి పడుకోవడానికి అనుమతి వచ్చాక రెండు మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి.

నొప్పి మందులు ఇంకా మత్తు కలిగిస్తున్నంత కాలం, గట్టిగా బ్రేకు తొక్కలేనంత కాలం బండి నడపవద్దు. చాలామందికి ఇది ఆరు వారాలు. కూర్చుని చేసే పనికి ఇంచుమించు అదే సమయంలో, నిలబడి చేసే పనికి మూడు నెలలకు వెళ్లవచ్చు. దాంపత్య జీవితం గురించి అడగడానికి చాలామంది మొహమాటపడతారు. ఆరు వారాల తరువాత సాధారణంగా వీలవుతుంది, ఏ భంగిమ సురక్షితమో సర్జన్‌నో ఫిజియోథెరపిస్టునో అడిగి తెలుసుకోండి. నేల మీద కూర్చోవడం, గొంతుకూర్చోవడం మాత్రం మీ ఇంప్లాంటును బట్టి సర్జన్ అనుమతి ఇచ్చాకే.

7. వెంటనే ఆస్పత్రికి వెళ్లవలసినప్పుడు

- ఉన్నట్టుండి భరించలేని నొప్పి వచ్చి కాలు పొట్టిగా, లోపలికో బయటికో తిరిగిపోయి కనిపిస్తే కీలు జారి ఉండవచ్చు. ఇంట్లో లాగి సరిచేయకండి, ఏమీ తినకుండా వెళ్లండి.
- పిక్కలో కొత్తగా నొప్పి, ఒక్క కాలికే వాపు వస్తే అదే రోజు చూపించండి. ఊపిరాడకపోవడం, ఛాతీ నొప్పి ఉంటే అత్యవసరంగా వెళ్లాలి.
- కట్టు తడుస్తూనే ఉంటే, గాయం ఎర్రబడి వేడిగా ఉంటే, చలిజ్వరం వస్తే సర్జన్‌కే చూపించండి. ఎవరో ఇచ్చిన యాంటీబయాటిక్ మాత్రలు ముందే మింగితే, లోపలున్న క్రిమి ఏదో పరీక్షలో దొరకకుండా పోతుంది.

8. ఫలితం సరిగా ఉందో లేదో చూసుకోవడం

కాళ్ల నొప్పులన్నీ ఒకే రకం కావు. గజ్జలో లోతుగా ఉండే పాత నొప్పి మొదటి వారాల్లోనే పోతుంది. కోత చుట్టూ, తొడ కండరాల్లో ఉండే నొప్పి నెలల మీద మెల్లగా తగ్గుతుంది. మూడు నెలల తరువాత కూడా గజ్జ నొప్పి అలాగే ఉన్నా, తగ్గిన నొప్పి మళ్లీ మొదలై రాత్రి పడుకున్నా బాధిస్తున్నా ఎక్స్‌రే, రక్త పరీక్షలు అవసరం.

“కాలు పొడవైపోయింది” అన్న భయం ఏవీఎన్ వారిలో చాలా ఎక్కువ. కుంగిన తల వల్ల ఇన్నాళ్లూ ఆ కాలు పొట్టిగా ఉండి, శరీరం దానికే అలవాటు పడి ఉంటుంది. సరైన పొడవుకు తెచ్చాక అది ఎక్కువైనట్టు తోస్తుంది, బిగిసిన కండరాల వల్ల కటి ఒక వైపుకు వంగి కూడా అలా అనిపిస్తుంది. మొదటి మూడు నెలల్లో తొందరపడి రెండో చెప్పుకు ఎత్తు వేయించకండి. వేయిస్తే ఆ వంపే స్థిరపడుతుంది. అప్పటికీ తేడా తెలుస్తుంటే కొలిపించి నిర్ణయించవచ్చు.

మూడు నెలల తరువాత అద్దం ముందు, పట్టుకోవడానికి ఆధారం దగ్గర పెట్టుకుని, ఆపరేషన్ అయిన కాలి మీద ఒంటికాలిపై నిలబడి చూడండి. నడుముకు రెండో వైపు కిందికి జారిపోతుంటే తుంటి పక్క కండరాలు ఇంకా బలహీనంగా ఉన్నాయని అర్థం. కర్ర వదిలేయడానికి తొందరపడకుండా వ్యాయామం కొనసాగించండి. కుంటుతూ కర్ర లేకుండా నడవడం కంటే కర్రతో తిన్నగా నడవడం మేలు.

9. రెండో తుంటి, అసలు కారణం

దెబ్బ వల్ల కాక ఇతర కారణాలతో వచ్చిన ఏవీఎన్ సగానికి పైగా మందిలో రెండు వైపులా ఉంటుంది. ఎమ్మారైలో రెండో వైపు మచ్చ కనిపించినా నొప్పి లేకపోతే దాన్ని ఎప్పుడెప్పుడు మళ్లీ పరీక్షించాలో ఇప్పుడే తేదీ అడగండి. అది కుంగకముందే పట్టుకుంటే కీలును కాపాడే అవకాశం ఉంటుంది. రెండూ పాడై ఉంటే ఆరోగ్యం బాగున్నవారికి ఒకేసారి, మిగతావారికి కొన్ని వారాల ఎడంతో చేస్తారు.

మార్చిన కీలుకు ఏవీఎన్ రాదు. కానీ దాన్ని తెచ్చిన కారణం మిగిలిన ఎముకల్లో పని చేస్తూనే ఉంటుంది: రెండో తుంటి, మోకాళ్లు, భుజాలు. స్టెరాయిడ్ తప్పనిసరైతే అతి తక్కువ మోతాదు ఎంతో మీ డాక్టరుతో మాట్లాడండి. మద్యం కారణమైతే మానడానికి సహాయం తీసుకోండి. పరుగు, గెంతడం తగ్గించి నడక, ఈత, సైకిల్ ఎంచుకోండి. నొప్పి లేకపోయినా ఆరు వారాలకు, ఏడాదికి, ఆ తరువాత సర్జన్ చెప్పిన వ్యవధిలో ఎక్స్‌రే తీయించుకుని, పాత ఫిల్ములు వెంట తీసుకువెళ్లండి. లైనర్ అరుగుదల, ఇంప్లాంట్ వదులవడం నొప్పి కంటే ముందే, రెండు ఫిల్ములను పక్కపక్కన పెట్టినప్పుడు కనిపిస్తాయి.